అట్ట ముందొచ్చిన పుస్తకం

ఫోను మోగేసరికి పాండురంగయ్య చేతుల్లో పురికొస ఉంది. ఒక కొస పళ్ళ మధ్య బిగించి, రెండో కొసను పార్సిలు చుట్టూ తిప్పి, ముడి మీద బొటనవేలు అదిమి పట్టాడు. ముడి పడేదాకా ఫోను మోగుతూనే ఉంది. మోగనిచ్చాడు. ఆ వేళకు చేసేది ఎవరో అతనికి తెలుసు.

"నేనేనమ్మా."

"మీరేనని తెలుసులెండి. ఈ వారం ఏం అడ్డొచ్చింది పాండురంగయ్యగారూ? కాయితమా, కరెంటా, తుపానా?"

గుడివాడ నుంచి కోటేశ్వరమ్మ. చూసి ఎరగని మనిషి. గొంతు మాత్రం ఇంట్లో మనిషి గొంతంత పరిచయం.

"వచ్చే వారం వచ్చేస్తుందమ్మా."

"ఏ నెలలో వచ్చే వారం?"

పాండురంగయ్య నవ్వబోయి ఊరుకున్నాడు. అవతల ఆవిడ నవ్వడం లేదు.

"నాకేం తొందర లేదండీ. ఆయన గురించే నా బెంగ. చెవులు నానాటికీ మూసుకుపోతున్నాయి. మిషను పెట్టిస్తే గుయ్యిమంటోందని తీసి అవతల పారేశారు. మొదటి భాగం పక్కన కూచుని మామూలుగా చదివితే విన్నారు. రెండో భాగానికి గొంతు పెంచాను. ఇప్పుడు అదే మళ్ళీ చదవమంటే అరవాల్సి వస్తోంది. కథలో నాంచారయ్య పెళ్ళాంతో గుసగుసగా చెప్పిన మాటలు మా వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపిస్తున్నాయి. ఆ ఇస్త్రీ ఆయన నిన్న నన్నాపి, ‘ఇంతకీ ఇంటికెళ్ళాడాండీ?’ అని అడిగాడు. ఏం చెప్పమంటారు? మీ పుస్తకం వచ్చేదాకా ఈయన చెవులు ఆగాలి కదా!"

ఆవిడ భర్త వెంకటాద్రి బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. బోర్డు మీద ఊరి పేరు తప్ప మరొకటి చదివే అలవాటు లేదు. కథ ఆయనకు భార్య నోట వినేది మాత్రమే.

"వచ్చే వారమమ్మా," అన్నాడు పాండురంగయ్య మళ్ళీ. అన్నాక, ఆ మాట తన నోట్లో ఎంత అరిగిపోయిందో తనకే తెలిసింది.

బందరు ఈడేపల్లిలో మధుసూదనరావుగారి ప్రెస్సు అది. పాండురంగయ్య అందులో చేరిననాడు అక్షరాలు సీసంతో ఉండేవి. గూళ్ళలోంచి ఒక్కొక్క అక్షరం ఏరి, తిరగేసి, వరస పేర్చి, కవుల పద్యాలకూ కల్యాణ పత్రికలకూ ఒకే శ్రద్ధతో రూపం ఇచ్చేవాడు. కంప్యూటరు వచ్చి సీసం మూలబడ్డాక పార్సిళ్ళు కట్టే బల్ల దగ్గరికి మారాడు. సన్నటి మనిషి. వంగి వంగి పనిచేసిన వీపు నిలబడ్డా వంగే ఉంటుంది. అక్షరాలు పట్టిన వేళ్ళ కొసలు నున్నగా అరిగి, కాగితం తిప్పేటప్పుడు ప్రతిసారీ తడి చేసుకోవాలి. కళ్ళజోడు దారంతో మెడకు వేలాడుతుంది. ఇన్నేళ్ళలో అతని మీద ఫిర్యాదు చేసినవాళ్ళు లేరు. పని కట్టుకొని పొగిడినవాళ్ళూ లేరు.

పార్సిళ్ళు కాక అతనికి మరో పని ఉంది. వారానికోసారి దివిసీమ వెళ్ళి, నవలాకారుడు మల్లికార్జునరావు రాసిన కాగితాలు తీసుకురావడం. ఆయన కాలవ లాకుల దగ్గర గుమాస్తాగా పనిచేసి విరమించిన మనిషి. చేత్తోనే రాస్తాడు, పోస్టును నమ్మడు, ఫోను ఎత్తడు. ఆయన రాసిన ‘ఎదురుపాయ’ రెండు భాగాలూ జనం ఎగబడి చదివారు. పెళ్ళాంతో మాటా మాటా వచ్చి, పడవ విప్పుకొని వెళ్ళిపోయిన సరంగు నాంచారయ్య కథ అది. రెండో భాగం చివర అతను పడవ ముక్కు ఇంటివైపు తిప్పాడు. చేరాడా లేదా అన్నది మూడో భాగం. ఆ మూడో భాగమే రావడం లేదు.

అభిమానులు మొదట బతిమాలారు. తరవాత అలిగారు. ఆ తరవాత వాట్సాప్ గ్రూపు పెట్టుకొని వేళాకోళం మొదలుపెట్టారు. చిలకలపూడిలో ఒకాయన విడుదలనాడు రచయిత మెడలో వేద్దామని రోల్డుగోల్డు పతకం చేయించి, "అయ్యా, రంగు దిగిపోతోంది" అంటూ వారం వారం దాని ఫోటో పెడుతున్నాడు. మధుసూదనరావు కూడా ఊరుకోలేదు. కాగితం కొరత అని ఒక ప్రకటన, తుపాను అని ఒకటి, సాంకేతిక కారణాలని మరొకటి ఇచ్చాడు. ఏదీ నిలవక, నోళ్ళు మూయిద్దామని పుస్తకం పూర్తికాకుండానే అట్టలు అచ్చువేయించి, అట్ట పట్టుకొని నవ్వుతూ ఫోటో దిగి పెట్టాడు. ఆ పూట అందరూ సంతోషించారు. కానీ అట్టకు వెన్ను కొలత అప్పటికి ఉన్న పేజీల లెక్కన వేశారు. మల్లికార్జునరావు రాయడం ఆపలేదు. పుస్తకం లావెక్కింది, అట్ట వెన్ను మాత్రం అచ్చయిన చోటే ఉండిపోయింది.

"ఇంకొక్క ఫారం, పదహారు పేజీలు, పెరిగిందంటే అట్ట మూతపడదు బాబాయ్," అన్నాడు బైండరు మాబు, జిగురు డబ్బా కలుపుతూ. "చిన్నప్పటి చొక్కా ఇప్పుడు తొడిగినట్టుంటది. బొత్తాలు నేను పెట్టలేను."

ఆ మాట విని మధుసూదనరావు గదిలోంచి బయటికి వచ్చాడు. ముఖం నిద్రలేనట్టుంది.

"పాండురంగయ్యగారూ, ఇవాళ ఆఖరి ప్రకరణం చేతపుచ్చుకొని రండి. లేదంటే ఆయనకో మాట చెప్పి రండి. మిగతాది ఇంకొకరి చేత రాయించి వేసేస్తాను. మనిషిని కూడా మాట్లాడి పెట్టాను."

"ఇంకొకరా బాబుగారూ? నాంచారయ్యనా?"

"నన్ను మాత్రం ఏం చేయమంటారు? జనం నా ఇంటికొచ్చి అడుగుతున్నారు." గొంతు తగ్గించాడు. "మిగతా రచయితలందరూ ఫోనులోనే పంపేస్తున్నారు. చేతిరాత పని ఈ పుస్తకంతో ఆఖరు. ఈ వయసులో బస్సులెక్కి తిరగడం మాత్రం మీకెందుకు? ఇదయ్యాక ఇంటిపట్టున సుఖంగా ఉందురుగాని."

మంచిగానే అన్నాడు. పాండురంగయ్య కూడా మంచిగానే తల ఊపాడు. గుడ్డ సంచి భుజాన వేసుకొని, ప్రెస్సు సెల్‌ఫోను జేబులో పెట్టుకొని బస్టాండుకు నడిచాడు.

అవనిగడ్డ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కోసిన వరిచేలల్లో మినుము పచ్చగా పాకుతోంది. చల్లపల్లి వచ్చింది, మోపిదేవి వచ్చింది. పులిగడ్డ అక్విడెక్టు మీద బస్సు మెల్లగా వెళుతుంటే కింద నది, సగం నీరు, సగం ఇసుక. తిరుగు ప్రయాణంలో ఈ దారిలోనే అతను సంచి విప్పి, కొత్త కాగితాలు ఒళ్ళో పెట్టుకొని చదువుకునేవాడు. లోకమంతా ఎదురుచూసే కథ అందరికంటే ముందు ఒక పార్సిళ్ళు కట్టే మనిషికి తెలిసేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో రత్నకుమారికి తప్ప. "ఏమైందో చెప్పకండి, నేనూ పుస్తకం వచ్చాకే చదువుతాను," అనేదావిడ. అయినా అన్నం వడ్డిస్తూ అతని ముఖం చూసి, నాంచారయ్య ఆ వారం కష్టంలో ఉన్నాడో సుఖంలో ఉన్నాడో కనిపెట్టేసేది.

అవనిగడ్డలో దిగి, నాగాయలంక వైపు ఆటో ఎక్కి, కాలవగట్టు మలుపులో దిగాడు. పెంకుటింటి వరండాలో మల్లికార్జునరావు పడక్కుర్చీలో ఉన్నాడు. పొడవాటి మనిషి, మోకాళ్ళు కుర్చీలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి.

"రావయ్యా పాండురంగయ్యా! బస్సు ఆలస్యమా, నువ్వు ఆలస్యమా?"

"ఆలస్యం సంగతి మీరే అనాలి గురువుగారూ."

పెద్దాయన పకపకా నవ్వాడు. భార్య పోయాక ఆ ఇంట్లో నవ్వు వినబడేది పాండురంగయ్య వచ్చే ఆ ఒక్క రోజేనని పక్కింటివాళ్ళు అనుకుంటారు. కొబ్బరి నీళ్ళు తాగడం, ఊళ్ళో సంగతులు చెప్పుకోవడం, ఆయన చదువుతుంటే ఈయన వినడం, ఈయన ఊఁ కొట్టిన చోట ఆయన ఆగి చూడడం – ఏళ్ళ తరబడి ఇదే వరస.

"ఈ వారం ఏం చేశాడండీ నాంచారయ్య?"

"లాకులు మూసేశారు. పడవ ఆగిపోయింది."

పాండురంగయ్య కొబ్బరిబొండం కింద పెట్టాడు. కిందటి వారం పడవకు చిల్లు. అంతకుముందు గిలకలదిండిలో చేపలకు ఐసు దొరక్క ఆగాడు. అంతకుముందు ఎవరికో జ్వరం. ఇల్లు ఆ మలుపు అవతలే ఉంది. ఆ మలుపు మాత్రం తిరగడం లేదు. పాండురంగయ్యకు అనుమానం ఎప్పుడో వచ్చింది. వచ్చినా అడగలేదు. అడిగితే ఏం తెలుస్తుందో అన్న భయం అడగనివ్వలేదు.

"బాబుగారు ఒక మాట చెప్పి రమ్మన్నారు," అన్నాడు తల వంచుకొని. చెప్పాడు.

మల్లికార్జునరావు కోప్పడలేదు. "రాయించుకోమను," అన్నాడు కాలవవైపు చూస్తూ. "వాడి నాంచారయ్య వాడిష్టం."

కాలవలో గుర్రపుడెక్క పువ్వులతో సహా కదిలిపోతోంది. అప్పుడు పాండురంగయ్య గుడివాడ సంగతి ఎత్తాడు. కోటేశ్వరమ్మ అరుస్తూ చదవడం, వీధంతా వినడం, ఇస్త్రీ ఆయన ప్రశ్న చెబుతుంటే పెద్దాయన ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు.

"ఆ గుసగుసలు కూడా అరిచేసిందా! అయ్యో, ఎంత జాగ్రత్తగా రాశానో అవి!"

"ఆయన చెవులు మూసుకుపోతున్నాయండీ గురువుగారూ. ఆఖరు వినాలని ఆయన కోరిక. వచ్చే వారం, వచ్చే వారం అని నేనే ఆవిణ్ణి నమ్మిస్తున్నాను."

నవ్వు ఆగిపోయింది. మల్లికార్జునరావు గోడవారన ఉన్న రాతబల్లకేసి చూశాడు. పాండురంగయ్య ఆ చూపు వెంటే చూశాడు. ఎర్రదారంతో కట్టిన కాగితాల కట్ట ఒకటి, దాని మీద బరువుగా, వల అడుగున కట్టే మట్టిగుండు. పై కాగితం అంచులు ఎండకు పసుపెక్కి ఉన్నాయి. కొత్తగా రాసిన కాగితం అలా ఉండదు.

"ఎప్పుడు రాశారండీ?"

"వానలకు ముందే." పెద్దాయన గొంతు చిన్నదైపోయింది. "ఇంటికి చేరిపోయాడయ్యా వాడు. ఎప్పుడో చేరిపోయాడు. నేనే మళ్ళీ మళ్ళీ పడవెక్కిస్తున్నాను. అది నీ చేతికిచ్చానంటే, నువ్వింక ఎందుకొస్తావు?"

ఊరికే వస్తానండీ, మిమ్మల్ని చూడటానికే వస్తాను. ఆ మాట పాండురంగయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మనసులో అది నిజమే. కానీ మోకాళ్ళ నొప్పులున్నాయి, బస్సూ ఆటో మారి వెళ్ళాల్సిన దూరం ఉంది, ప్రెస్సు పని లేని రోజులు ముందున్నాయి. ఇన్నాళ్ళూ ఫోనులో అరగదీసిన మాట లాంటిదే మరొకటి ఈ మనిషికి ఇవ్వబుద్ధి కాలేదు.

"రాలేనేమోనండీ," అన్నాడు. "మీకు అబద్ధం చెప్పలేను."

"ఒక్క అబద్ధం చెబితే ఏం పోయిందయ్యా! ఊరంతటికీ చెప్పావు కదా," అన్నాడు మల్లికార్జునరావు, నవ్వబోతూ.

"అందుకేనండీ. మీకైనా నిజం మిగల్చాలి కదా. ఇచ్చేయండి గురువుగారూ."

పెద్దాయన లేచాడు. లేవడానికి కుర్చీ చేతులు రెండూ పట్టుకోవలసి వచ్చింది. మట్టిగుండు పక్కకు జరిపి, కట్ట తీసి, పై దుమ్ము ఉత్తరీయంతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. పాండురంగయ్య రెండు చేతులతో అందుకున్నాడు. సంచిలో పెట్టుకొని, మళ్ళీ ఒకసారి తడిమి చూసుకున్నాడు.

ఎప్పుడూ వరండా దిగని మనిషి ఆ రోజు కాలవగట్టు మలుపు దాకా వచ్చాడు. ఇద్దరూ దారి పొడవునా మినుము చేల గురించే మాట్లాడుకున్నారు. ఆటో వచ్చింది.

"రత్నకుమారిని అడిగానని చెప్పు," అన్నాడు మల్లికార్జునరావు.

"చెబుతానండీ."

అవనిగడ్డలో బస్సెక్కి కూర్చున్నాడు పాండురంగయ్య. సంచి ఒళ్ళో ఉంది. దారం విప్పలేదు. మొదటిసారిగా, ముందు తెలుసుకోవలసినవాడు తను కాదనిపించింది. జేబులోంచి ఫోను తీసి, తనంతట తాను గుడివాడకు చేశాడు.

"ఏంటండీ, మీరే చేశారు? మళ్ళీ ఏం అడ్డొచ్చింది?"

"ఏమీ లేదమ్మా. అయిపోయింది. నా ఒళ్ళో ఉంది. అచ్చుకీ కుట్టుకీ ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పను. కానీ ఉంది."

ఆవిడ గొంతు ఫోనుకు దూరంగా, ఇల్లంతా మోగేలా వినబడింది.

"ఏమండోయ్! నాంచారయ్య బయల్దేరాడంట!"

"ఆఁ? ఎవరూ?"

"నాం...చా...రయ్య!"

"ఓహో!" అన్న మగగొంతు వినబడింది, ఆ వెనకే ఎవరో నవ్విన చప్పుడు. పాండురంగయ్య ఫోను చెవి దగ్గరే ఉంచుకొని, నది దాటేదాకా అలాగే కూర్చున్నాడు.

అక్కడ, కాలవగట్టు ఇంటి వరండాలో, వెలుతురు వాలిన రాతబల్ల మీద మట్టిగుండు ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని ముందు, కట్ట ఉన్నంత మేర దుమ్ము పట్టని నలుచదరపు చోటును కాలవ గాలి తడిమి తడిమి పోతోంది.