పక్క గేటు

మొదట్లో టీకొట్టాయన చేతిలో ఉన్నవి ఒక స్టవ్వు, రెండు గిన్నెలు, స్టేషన్ పక్క సందులో గోడవార కాస్త జాగా, నగరంలో బట్టల మిల్లుకు వెళ్లే భార్య. ఆమె పొద్దున్నే లోకల్ రైలెక్కేది. సాయంత్రం దిగాక ఇద్దరూ కలిసి ఇంటికి నడిచేవారు. ఆ నడక కోసమే ఆయన కొట్టు అక్కడ పెట్టాడు.

బేరాల్లేక ఈగలు తోలుకునేవాడు. జనమంతా టికెట్టో పాసో చూపిస్తే తెరుచుకునే మెషిన్ గేటు దాటి అవతలి రోడ్డున పోయేవారు. ఆయన స్టేషన్ మాస్టరును టీతో మచ్చిక చేసుకుని, సందులోకి ఉన్న పాత పక్క గేటు తెరిపించాడు.

"ఇటు రా బాబాయ్! పాసున్నోడివి, ఆ క్యూలో నీకేం ఖర్మ?"

బాబాయిలు, అక్కలు, అన్నలు అందరూ ఇటే వచ్చారు. కొట్టు కళకళలాడింది.

ఒకరోజు రైల్వే ఆఫీసరు వచ్చి టీ అడిగాడు.

"ఈ స్టేషన్లో రైలాపడం దండగయ్యా. ఎక్కేవాళ్లే లేరు."

"లేకపోతే నా టీ తాగేది దయ్యాలా సార్?"

"దయ్యాలే అనుకో. టికెట్ల డబ్బుతో రైలు నడవదు. నష్టం ప్రభుత్వం భరిస్తుంది. మెషిన్ దాటిన తలలు లెక్కపెట్టి స్టేషన్ స్టేషన్‌కీ సబ్సిడీ ఇస్తుంది. మీ తలలేవీ?"

ఆ తలలన్నీ తన పక్క గేటు గుండా లెక్కకందకుండా వచ్చాయని ఆయనకు అర్థమైంది. భార్య దిగేది ఇక్కడే.

మర్నాడు గేటుకు తాళం వేయించి, వచ్చినవాళ్లందరినీ మెషిన్ వైపు తోలాడు.

"రమ్మన్నదీ నువ్వే, పొమ్మన్నదీ నువ్వే! పిచ్చెక్కిందా మామా?" అని నవ్వుకుంటూ వెళ్లారు.

అప్పటికే ఆ ఏటి లెక్కలు పైకి వెళ్లిపోయాయి. సబ్సిడీ ఆగింది. రైలు ఈల వేసుకుంటూ ఆగకుండా పోవడం మొదలైంది.

"మిల్లు హాస్టల్లో మంచం ఇస్తామన్నారు," అంది భార్య, బట్టలు సర్దుతూ.

"మానెయ్యరాదూ?"

"మానేసి? జనమే లేని చోట నీ కొట్టు మనిద్దర్నీ పోషిస్తుందా?"

గేటు గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఇప్పుడామె ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి వస్తుంది. బస్సుల్లో నిలబడీ నిలబడీ అలిసిపోయి, తినగానే నిద్రపోతుంది. ఆయన పక్కన కూర్చుని లెక్క వేసుకుంటాడు. పక్క గేటు మీద వచ్చిన లాభం: కొట్టుకు రేకుల కప్పు, రెండు బెంచీలు, వారానికోసారి నిద్రపోతూ కనిపించే భార్య.