ఏడో నంబరు ఎక్కిలి

ఆ బస్టాండులో ఏడో నంబరు ప్లాట్‌ఫారానికి ఎక్కిళ్లు ఉన్నాయి. స్పీకర్లలో "ప్లాట్‌ఫారం నంబరు ఏ... హిక్... డు" అని వినపడగానే కొత్తవాళ్లు ముఖముఖాలు చూసుకుంటారు. రోజూ వచ్చేవాళ్లు మాత్రం "ఎక్కిలి బస్సు వచ్చింది, లేవండి" అంటూ సంచులు భుజానికి తగిలించుకుంటారు.

ఆ ఎక్కిలి అనౌన్సరమ్మది. నాలుగేళ్ల కిందట, ఎనిమిదో నెల కడుపుతో ఉన్నప్పుడు, బస్సుల నంబర్లూ ప్లాట్‌ఫారాలూ అన్నీ ఆమె చేత చదివించి మెషీన్లోకి ఎక్కించారు. ఆరు దాకా గొంతు గంటలా మోగింది. సరిగ్గా ఏడు దగ్గర లోపలి పిల్ల ఒక్క తన్ను తన్నింది, ఈమెకి ఎక్కిలొచ్చింది. "ఇంకోసారి చదువుతానండీ" అని ఈమె అనేలోపే రికార్డింగు మనిషి తీగలు చుట్టేసుకుని పెట్టె మూసేశాడు.

అప్పట్నుంచీ మెషీనే మాట్లాడుతోంది. మెషీన్ ఉన్న గదిలో ఒక మనిషి ఉండి తీరాలని రూలు కాబట్టి ఆమెని తీసెయ్యలేదు. పైగా "యంత్ర పర్యవేక్షకురాలు" అని పెద్ద పేరు పెట్టి జీతం పెంచారు. పనల్లా గంటకోసారి పచ్చ లైటు వెలుగుతోందో లేదో చూసి పుస్తకంలో టిక్కు పెట్టడం. మైకు స్విచ్చి మీద కాగితం అంటించి, లక్కతో సీలు వేశారు. "యంత్రము ఆగినప్పుడు మాత్రమే తెరవవలెను" అని రాసుంది. నాలుగేళ్లలో ఆ మహాతల్లి ఒక్కసారి కూడా ఆగలేదు.

"కూర్చోబెట్టి జీతమిస్తున్నారు. ఎంతమందికి దొరుకుతుందే ఆ అదృష్టం?" అంటుంది అత్తగారు.

నిజమే. పదో తరగతి సగంలో మానేసినదానికి ఇంతకంటే ఏం కావాలి? పిల్లని మంచి స్కూల్లో వేశారు. వేళకి ఇంటికొస్తుంది. రోజుకి మూడుసార్లు ఇంటికి ఫోన్ చేసి, పిల్ల తిందా, పడుకుందా, మెట్ల దగ్గర గేటు వేశారా అని అడగడానికి బోలెడంత తీరిక. మూడోసారి ఫోన్ చేసినప్పుడు "తింది, పడుకుంది, గేటు వేశాను, నేను కూడా బతికే ఉన్నాను" అని అత్తగారే ముందు చెప్పేస్తుంది.

అయినా ఆమెకి లోపల ఏదో వెలితి. మెషీన్ రాకముందు ఆ గదిలోంచి బస్టాండునంతా ఆమే నడిపేది. "నీలం చొక్కా అన్నయ్యా, పరిగెత్తకండి, మీ డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు" అనేది. చంకలో పిల్లాడున్న అక్కయ్యకి నీడ ఎక్కడుందో చెప్పేది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది, కడుపు నిండినట్టుండేది. ఇప్పుడు అదే గొంతు గోడ మీంచి వినిపిస్తుంటే, ఎవరో తన చీర కట్టుకుని ఊరంతా తిరుగుతున్నట్టుంటుంది.

మొన్న ఆదివారం పిల్ల, అదే, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచేది, కుర్చీలో చేతులు కట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. పావుగంటైనా ఉలకదు, పలకదు. జ్వరమొచ్చిందేమోనని తల్లి దాని నుదురు పట్టి చూసింది.

"ముట్టుకోకు! ఆడుకుంటున్నా."

"ఏం ఆటే ఇది?"

"అమ్మ ఆఫీసు ఆట."

అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. రేపు ఈ పిల్ల పెద్దదై, మా అమ్మ ఏం చేసేదంటే కూర్చునేది అని చెప్పుకోవాలా?

మర్నాడు మధ్యాహ్నం కిటికీ అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు. బక్కపల్చటి పెద్దాయన. మనిషంతా చెమట.

"అమ్మా, మా ఆవిడ తప్పిపోయింది. మైకులో ఒక్క కేక వెయ్యి తల్లీ."

"ఎక్కడ తప్పిపోయారు బాబాయిగారూ?"

"నీళ్ల కుళాయి దగ్గర నుంచోమన్నాను. తీరా చూస్తే ఇక్కడ కుళాయిలు అయిదున్నాయి."

"ఫోన్ చెయ్యకపోయారా?"

"రెండు ఫోన్లూ నా జేబులోనే ఉన్నాయమ్మా. పోతాయని జాగ్రత్తచేశా." ఆయన మొహం చిన్నబోయింది. "మాది ఎక్కిలి బస్సు. ఇది పోతే మళ్లీ రేపే. దానికి ఒక్కతే ఉంటే భయం. అదీ... నాకు కూడా."

ఆమె సీలు వైపు చూసింది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. సీలు చింపితే సంజాయిషీ రాసివ్వాలి, ఉద్యోగం పోయినా పోవచ్చు. పిచ్చుక స్కూలు, అత్తగారి మొహం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే స్పీకరు గొంతు సవరించుకుంది. "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది, ప్లాట్‌ఫారం నంబరు ఏ... హిక్... డు."

ఆమెకి ఒళ్లు మండింది. నా గొంతు! నన్నడక్కుండా నా గొంతే ఈ ముసలాళ్లని విడదీసి బస్సుని పంపించేస్తోందే! తలలోంచి పిన్ను లాగింది. కాగితం పర్రుమంది. లక్క ముక్కలు బల్లంతా చెల్లాచెదురయ్యాయి.

"పిన్నిగారి పేరేంటండీ?"

పెద్దాయన తల గోక్కున్నాడు. "పేరా... యాభై ఏళ్లుగా ఏమేవ్ అనే పిలుస్తున్నానమ్మా. పేరు పెట్టి పిలిస్తే వేరే ఎవరో అనుకుంటుంది, రాదు."

స్విచ్చి నొక్కింది. మొదటి మాట బయటికి రాలేదు. రెండోది కీచుమంది. మూడోదానికి గొంతు దారి దొరికింది.

"ఏమేవ్‌గారూ! ఏమేవ్ అంటే పలికే పిన్నిగారూ! మీ ఆయన ఇక్కడ అనౌన్సుమెంటు గది కిటికీ దగ్గరున్నారు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని దానికోసమే జేబులు వెతుక్కుంటున్నారు. మీరు కంగారుపడకండి, ఆయన పడే కంగారు ఇద్దరికీ సరిపోతుంది. ఎక్కిలి బస్సు డ్రైవరన్నయ్యా, రెండు నిమిషాలాగండి, ఆ టీ ఏదో నిదానంగా తాగండి."

బస్టాండంతా ఒకటే నవ్వులు. ఒక కండక్టరు ఈల వేశాడు. పండ్లమ్మే ఆవిడ "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావే!" అని అక్కణ్ణుంచే అరిచింది.

కిటికీ దగ్గరికి నలుగురు ముసలమ్మలు వచ్చారు. మొదటావిడ పెద్దాయన్ని ఎగాదిగా చూసి, "ఛ, మా ఆయన ఇంతకంటే బానే ఉంటాడు" అని వెళ్లిపోయింది. రెండో ఆవిడ, "మా ఆయన పోయి ఆరేళ్లయింది. అయినా పిలుపు విని ఊరుకోలేక వచ్చా" అని నవ్వేసి, ఎలా ముగుస్తుందో చూద్దామని అక్కడే నిలబడింది. మూడో ఆవిడ ఊరికే చూడ్డానికొచ్చింది. నాలుగో ఆవిడ దూరం నుంచే అందుకుంది.

"నేను తప్పిపోవడమేంటండీ? నేను బస్సెక్కి మీక్కూడా సీటు పట్టి కూర్చున్నా! ఇప్పుడు దిగొచ్చానా, ఎవడో కూర్చునుంటాడు!"

"ఏమేవ్..." అన్నాడు పెద్దాయన. ఆవిడ ఆయన నెత్తి మీది కళ్లజోడు తీసి ముక్కుకి తగిలించి, చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయింది.

అప్పుడొచ్చారు మేనేజరుగారు. చినిగిన కాగితం వైపు చూశారు, ఆమె వైపు చూశారు.

"యంత్రం ఆగిందా?"

"ఆగలేదండీ." ఆమె లక్క ముక్కల్ని ఒక్కచోటికి పోగుచేసింది. "కానీ దానికి ఏమేవ్ అని పిలవడం రాదండీ. నాకొచ్చు. ఊరికే కూర్చోబెట్టకండి సార్, మీకు పుణ్యముంటుంది."

మేనేజరుగారు లక్క ముక్క ఒకటి తీసి వెలుగులో పెట్టి చూశారు. "ఈ లక్క అయిపోయి ఏడాదైంది. మళ్లీ తెప్పించాలంటే పై ఆఫీసుకి రాయాలి. పాత సీలు ఏమైందో రాయాలి. వాళ్లు రమ్మంటే వెళ్లాలి..." ఆ రాతకోతలు తలుచుకునేసరికి ఆయనకి నీరసమొచ్చినట్టుంది. పుస్తకం లాక్కుని రాశారు: "యంత్రమునకు చేతకాని సందర్భములలో ఉద్యోగిని స్వయముగా మాట్లాడవలెను."

గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "పనిలో పని, ఆ ఏడో నంబరు కూడా మళ్లీ చదివి సరిచేసెయ్యమ్మా."

"అదొక్కటీ ఉండనివ్వండి సార్. అది మా అమ్మాయిది."

ఆయనకి అర్థం కాలేదు. అయినా తలూపారు. ఇంకా వెళ్లరే! "అన్నట్టు... నిన్నట్నుంచి నా గొడుగు కనపడ్డం లేదు. నల్లది. చెక్క పిడి. నీకు వీలుంటే ఒక్కసారి..."

ఆ సాయంత్రం ఆమె బొంగురుపోయిన గొంతుతో ఇల్లు చేరింది. ఆ రోజు ఇంటికి ఒక్కసారే ఫోన్ చేసిందని, ఏమైందోనని అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. జరిగిందంతా చెప్పేసరికి పొద్దుగూకింది. మావగారు వింటూ వింటూ పడక్కుర్చీలోనే కునుకు తీశారు. అత్తగారు "గొడుగు దొరికిందా మరి?" అని అడిగి, దొరికిందని విని, తృప్తిగా వంటింట్లోకి వెళ్లింది.

కాసేపటికి ముందుగదిలోంచి ఖంగుమని గొంతు వినపడింది. పిచ్చుక కుర్చీ ఎక్కి నిలబడింది. చేతిలో గరిటె.

"ఏమేవ్‌గారూ! ఎక్కడున్నా కిటికీ దగ్గరికి రండి! ప్లాట్‌ఫారం నంబరు ఏ... హిక్... డు!"

వంటింట్లోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి, గురక పెడుతున్న మావగారి ముందు నిలబడింది.

"వస్తున్నా, వస్తున్నా! ఏంటండీ, పిలిచారు?"