పడ్డవాళ్ళ లెక్క

నాలుగింటికి కమిటీ. పొద్దుట్నుంచి ఆఫీసులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కూర్చుంటే కుర్చీ గుచ్చుతోంది, లేస్తే ఫ్యాను చప్పుడుకు చిరాకు. లెక్క బాగా వచ్చింది. బాగా వచ్చిన లెక్కంటేనే నాకు భయం, అదేం జబ్బో!

నా పని ఇదీ. ఒకే మందు మీద వేర్వేరు ఆసుపత్రులు చేసిన పరిశోధనలన్నీ పోగేసి, అన్నీ కలిపి ఏం చెబుతున్నాయో తేల్చాలి. ఈసారి మందు నరాల నొప్పికి వాడే మాత్ర. చూడాల్సినవి రెండు: నొప్పి తగ్గిందా, మాత్ర మత్తుకు రోగులు తూలి పడుతున్నారా. నొప్పి సంగతి అందరూ రాశారు. పడటం సంగతి సగంమందే రాశారు. అలాగని మిగతావి పారేయక్కర్లేదు, దానికో పద్ధతి ఉంది. నొప్పి తగ్గితే మనిషి నిలకడగా నడుస్తాడు, అంటే ఈ రెంటికీ ఏదో లంకె ఉంది. ఆ లంకె ఎంత గట్టిదో రాసినవాళ్ళ దగ్గర చూసుకుని, రాయనివాళ్ళ చోట నొప్పిని బట్టి పడటాన్ని అంచనా కడతాం. అలా కడితే మాత్రకు మంచి పేరే వచ్చింది. ఒకటే షరతు. రాయనివాళ్ళు ఊరికే రాయకపోయి ఉండాలి గానీ, దాచి ఉండకూడదు.

కమిటీ సరే అంటే మా ఆసుపత్రిలో ఆ మాత్ర ఉచితంగా ఇస్తూనే ఉంటారు. కాదంటే ఆపేస్తారు. నాతోనే ఉంటున్న మా అక్క రెండేళ్ళుగా ఆ మాత్ర మీదే బతుకుతోంది. ఈ సంగతి కమిటీ పెద్దకు మొదట్లోనే చెప్పాను. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు కాబట్టి మేమంతా మైకు డాక్టరంటాం. "మీ అక్కయ్య కోసం కూడికలు మారతాయా ఏంటమ్మా? కానివ్వండి" అని నవ్వేశాడు.

మధ్యాహ్నానికి ఇక ఉండబట్టలేక ఇంటికొచ్చాను. రెండు వీధుల అవతలే ఇల్లు. అక్క పై అరలోంచి డబ్బా తీస్తోంది. చెయ్యెత్తగానే మోచేయి కనిపించింది. నల్లగా కమిలిపోయి ఉంది.

"ఏంటే అక్కా అది?"

"తలుపు తగిలిందిలే."

"తలుపు వెనక నుంచి వచ్చి తగిలిందా? నా దగ్గరా నీ కబుర్లు!"

డబ్బా కింద పెట్టి కుర్చీలో కూలబడింది. "పడ్డాను. స్నానాల గదిలో. అంతకుముందు మెట్ల దగ్గర కూడా. చాలా?"

"మరి చెప్పవేం? రోజూ అడుగుతూనే ఉన్నాను కదా!"

"నొప్పెలా ఉందనే కదే అడుగుతావు. తగ్గిందనే చెబుతున్నా. అది నిజమే. పడుతున్నానంటే మాత్ర ఆపెయ్యరూ? నేనేమన్నా పిచ్చిదాన్నా?"

నా గుండె గుభేలుమంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్క పడినందుకు కాదు, లెక్క గుర్తొచ్చి. నొప్పి బాగా తగ్గిన మనిషే పడుతోంది. పడిన సంగతి కడుపులోనే దాచుకుంటోంది. రాయని ఆ పరిశోధనలు కూడా ఇలాగే నోరు మూసుకుని ఉంటే?

"తినిపోవే!" అని అక్క అరుస్తున్నా వినకుండా ఆఫీసుకు పరిగెత్తాను. రాయనివాళ్ళలో ఒకావిడ ఫోన్లో దొరికింది. "పడ్డవాళ్ళను అసలు లెక్కపెట్టనే లేదా మేడమ్?" అని అడిగాను.

"పెట్టాం. అంత బాగా రాలేదండీ. వ్యాసంలో చోటు కూడా చాల్లేదు, వదిలేశాం."

ఇంకొకాయనా అదే పాట పాడాడు. మీ చోటు తగలెయ్య! ఇద్దరి దగ్గర్నుంచీ అంకెలు తెప్పించుకుని, నా అంచనాలు తీసేసి వాటిని పెట్టాను. మాత్ర వేసుకున్నవాళ్ళే ఎక్కువ పడుతున్నారు. ఇక మిగతా రాయనివాళ్ళను మాత్రం ఏ మొహం పెట్టుకుని నమ్మను?

కమిటీలో మైకు డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. "పొద్దున పంపిన కాగితం ఒకటి, ఇప్పుడు చెప్పేది ఇంకొకటా? మీ పద్ధతి మీద మీకే నమ్మకం లేదా?"

"పద్ధతిది తప్పు కాదండీ. చెప్పనివాళ్ళు ఊరికే చెప్పలేదనుకున్నాను, అదే తప్పు. దాచారు. మా ఇంట్లోనే దాచారు."

ఆయన గొంతు తగ్గడం నేను చూడటం అదే మొదటిసారి. మాత్రను కొద్దికొద్దిగా తగ్గిస్తూ అందరికీ ఆపెయ్యాలని తేల్చారు. వెళ్తూ వెళ్తూ నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు నాకు ఒంటబట్టలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. మొహం చూసే పసిగట్టేసింది.

"ఆపేస్తారా?"

"ఊఁ. ఒక్కసారి కాదులే, మెల్లగా. అక్కా, ఈసారి పడితే తుంటి విరుగుతుందే. మంచానికి అతుక్కుపోతావు."

"నువ్వే చెప్పావా?"

"నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా భుజం మీద చెయ్యి వేసింది.

"పడితే లేస్తున్నానే చిట్టీ. ఆ నొప్పి వస్తే లేవలేను. రెంట్లో ఏది భరించగలమో మమ్మల్ని అడుగుదామని అక్కడ ఒక్కరికైనా తోచిందా?"

తోచలేదు. నాకు కూడా తోచలేదు. చెప్పులైనా విప్పకుండా అక్కడే నిలబడి ఏడ్చేశాను.