రుమాలు విత్తిన చేను

"రుమాలు ఉతికి ఆరెయ్ మ్మే. ఇంక పద్నాలుగు దినాల్లో వాడొస్తాండాడు. చెమట వాసన కొట్టకూడదు" అంది నరసమ్మ కోడలితో.

ఆ చెమట ఎవరిదో నరసమ్మకు తెలుసు, కోడలికీ తెలుసు. రామేశ్వరమ్మ రుమాలును సౌడుమట్టి కలిపిన నీళ్లలో నానబెట్టింది. తలపాగాగా చుట్టుకునే, బారెడు బారెడుగా సాగే ఎర్ర రుమాలు అది. మొగుడు శేషయ్య పట్టాళంలో చేరి, యుద్ధానికి సముద్రం అవతలి బస్రా పోయేటప్పుడు వదిలిపెట్టిపోయింది. అప్పటినుంచీ నాలుగేళ్లుగా విత్తే దినాల్లో అది ఆమె తలమీదే ఉంది. బండమీద వేసి ఉతుకుతుంటే నీళ్లు నల్లగా దిగాయి. నాలుగేళ్ల నల్లరేగడి దుమ్ము అంతా కాలవ పట్టి పోతుంటే, ఉతికే చేతులు తనవేనా అనిపించింది ఆమెకు.

శేషయ్య పోయిన ఏడు ఇంట్లో మగదిక్కు లేదు. వాన పడింది. పక్క రైతులు తమ చేలు విత్తుకున్నాక వస్తామన్నారు, అప్పటికి నేల పదును ఆరిపోతుంది. ఆళ్లగడ్డ పక్కనున్న ఆ పల్లెల్లో ఆడది విత్తే గొర్రు వెనక నడుస్తూ గింజలు పోయొచ్చు. కలుపు తీయొచ్చు, కోయొచ్చు, మోయొచ్చు, నూర్చొచ్చు. గొర్రును నడిపే మేడి మాత్రం పట్టకూడదు. పడితే భూమి గొడ్డుపోతుందట. శిరివెళ్ల దగ్గర ఒక ఇంట్లో ఆడమనిషి గొర్రు తోలిందని తెలిసి, జానెడు లేచిన పైరు మీద, అడుగున ఇనుపకత్తి ఉండే గుంటక తోలి, మొక్క మిగలకుండా చెరిపేసి, మళ్లీ మగవాడి చేత విత్తించారు. అందుకే నరసమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. కొడుకు రుమాలు తెచ్చి కోడలి తలకు చుట్టి, తూర్పుముఖంగా నిలబెట్టి, "విత్తేది శేషయ్య, నువ్వు కాదు. భూమికి అట్లనే చెప్పినా" అంది. ఊరు కూడా సరేనంది. తనకు గింజలు కావలసినప్పుడు ఊరికి ఏదైనా సరేననిపిస్తుంది.

మొదటి ఏడు సాళ్లు పాము పాకినట్టు పోయాయి. చూసినవాళ్లంతా నవ్వారు. రెండో ఏడు నవ్వు తగ్గింది. మూడో ఏడు, "శేషయ్య చేను చూడండ్రా, దారం పట్టినట్టుండాది" అని పక్క ఊరివాళ్లు సైతం గట్టుమీద నిలబడ్డారు. శేషయ్య చేను, శేషయ్య జొన్న, శేషయ్య కళ్లం. కోడి కూయకముందే లేచి పిండి విసిరి, పేడ ఎత్తి, అత్తకు సంగటి కెలికిపెట్టి, అప్పుడు గదా రామేశ్వరమ్మ చేనికి పోయేది. తిరిగొచ్చి ఎడ్లకు కుడితి పెట్టి మళ్లీ పొయ్యి ముందు కూచునేది. తిరగలి దగ్గరా, పేడకడి దగ్గరా ఆమె తలకు ఎవరూ రుమాలు చుట్టలేదు. ఆ పనులు ఆమె ఆమెగానే చేయొచ్చు. అయినా మేడి మీద బరువు మోపి, ఎడ్ల నడకకు తన నడక కలిపి, కాలికింద నేల మెత్తగా విచ్చుకుంటుంటే, ఆ రెండు మూడు దినాలు మటుకు తను ఎవరి కోడలో ఎవరి పెండ్లామో ఆమెకు గుర్తుండేది కాదు. మిగతా ఏడంతా ఆ రెండు మూడు దినాల కోసమే బతికేది.

శేషయ్య ఉత్తరాలు తపాలా బాలస్వామి చదివి వినిపించేవాడు. "యుద్ధం అయిపోయినా ఓడ దొరకలేదు. ఈ ఆఖరి వారాలు మమ్మల్ని పట్టాళపు కూరగాయల తోటలో పెట్టినారు. ఉల్లి, ముల్లంగి ఏస్తాండాం. నా సాలు చూసి దొర మెచ్చుకోని కాగితం రాసిచ్చినాడు. ఈడ ఆడోళ్లు గూడా పార పడతారు, చూస్తే నవ్వొస్తాది." తర్వాతి ఉత్తరం బొంబాయి నుంచి. "ఓడ దిగినాం. ఈడ కాగితాలు అయినాక గుంతకల్లు మీద నంద్యాలకొస్తా. రామేశ్వరిని ఇంక చేని పక్కకు పోవద్దని చెప్పు. ఇంట్లో సుఖంగా కూచోమను."

చదవడం అయిపోయాక బాలస్వామి, "అదృష్టవంతురాలివి మ్మా. ఎంతమంది మొగుళ్లు ఆడనే మట్టిలో కలిసిపోలా" అన్నాడు. నిజమే. ఆ మాట కాదనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. శేషయ్య కొట్టేవాడు కాదు, తాగేవాడూ కాదు. అతను చావాలని ఆమె ఎన్నడూ కోరుకోలేదు. కానీ దేవుడి పటం ముందు నిలబడితే, క్షేమంగా రావాలి అనే మాట వచ్చేది, తొందరగా రావాలి అనే మాట మాత్రం రాలేదు. ఆ ఓడ ఇంకో ఏడు నీళ్లమీదే ఉంటే బాగుండునని ఆమె అనుకున్న దినాలున్నాయి. అట్లా అనుకున్నందుకు తనను చూసి తనే భయపడింది. ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకోడానికి ఈ బాధకు ఒక పేరు కూడా లేదు.

ఆరిన రుమాలును నరసమ్మ మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుముకు దోపుకుని, కొడుకు తిరిగొస్తున్నందుకు మొక్కు తీర్చడానికి అహోబిలం బండి ఎక్కింది. వచ్చేసరికి మూడు దినాలన్నా పడుతుంది.

ఆ సాయంత్రమే హస్త కార్తె వాన దంచి కొట్టింది. పొద్దున్నే రామేశ్వరమ్మ చేనిలోకి దిగి పిడికెడు మట్టి తీసి నలిపింది. ఇంతకంటే పదును రాదు. ఎండ కాస్తే రెండు దినాల్లో పోతుంది. ఇంటికొచ్చి పెట్టె తాళం లాగి చూసింది. తాళం గట్టిది. కాసేపు పెట్టె ముందే కూచుంది. ఆ తర్వాత లేచి ఎడ్లకు కాడి కట్టింది.

గింజలు పోయడానికి వచ్చిన పక్కింటి రామమ్మ ఆమె తలకేసి చూసి జంకింది. "ఏందీ, తలమీద ఏమీ లేదే?"

"పెట్టెలో ఉండాది. గింజలు పొయ్ అక్కా, పదును పోతాది."

ఆ దినం మొదటిసారి చేనిగాలి ఆమె జుట్టుకు తగిలింది. భూమికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అది మాత్రం ఎప్పటిలాగే విచ్చుకుంది. ఆమె ఒక్కొక్క సాలూ తోలుతూ ఏడ్చింది. సంతోషమే, కానీ ఇదే ఆఖరు అని తెలిసిన సంతోషం. చివరి మలుపు దగ్గర ఎడ్లను కావాలనే మెల్లగా నడిపించింది.

అహోబిలం నుంచి వచ్చిన నరసమ్మ విత్తిన చేనును చూసింది, కోడలిని చూసింది. నడుముకున్న తాళంచెవిని ఒకసారి తడుముకుంది. ఐదో దినానికి మొలక లేచింది. ఎక్కడా ఒక్క సందు లేకుండా, సాలుకు సాలు, చివరి గట్టుదాకా.

శేషయ్య నంద్యాలలో రైలు దిగి, బొగ్గులతో నడిచే బస్సులో వచ్చి రోడ్డుమీద దిగాడు. అతని పెట్టె బాలస్వామి ఎత్తుకున్నాడు. కోడలితో ఎదురొచ్చిన తల్లి అక్కడే దిష్టి తీసి, ఎర్ర రుమాలు తలకు చుట్టింది. ఇంటికి పోకముందే అతను చేని గట్టెక్కాడు. చాలాసేపు నిలబడి చూశాడు.

"ఇంత తిన్నగా ఎవరు తోలినారు మ్మా? మా దొర చూడాల ఇది."

"ఎవరు తోలితే ఏం నాయనా. నీ రుమాలే విత్తింది."

శేషయ్య నవ్వి రుమాలు సర్దుకున్నాడు. పెండ్లాం వైపు తిరిగి, "ఇంక నీకెందుకు ఈ ఎండ. ఇల్లు చూసుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

రామేశ్వరమ్మ చేనివైపు చూసింది. నోరు మూసుకుంటే ఇది పెరుగుతుంది, కంకి వేస్తుంది, అందరూ తింటారు. శేషయ్య జొన్న అవుతుంది. నోరు తెరిస్తే ఏమవుతుందో శిరివెళ్ల దగ్గర అందరూ చూశారు. అత్త ఆమె మోచెయ్యి పట్టుకుంది. అత్త కళ్లలో బతిమాలడం కనిపించింది. ముసలిది కూడా ఆ మొలకల్నే కాపాడుకోవాలనుకుంటోంది, పాపం. కానీ నాలుగేళ్లు 'శేషయ్య చేను' అనే మాట గుచ్చుకున్నది అత్త చెవుల్లో కాదు.

"రుమాలు పెట్టెలో ఉన్నింది" అంది రామేశ్వరమ్మ. "నా తలమీద ఏమీ లేదు. ఈ చేను విత్తింది నేను."

బాలస్వామి నెత్తిమీది పెట్టె కింద దించాడు. నరసమ్మ గట్టుమీదే కూలబడింది. శేషయ్య పెండ్లాన్ని చూశాడు, ఆ మాట విన్న బాలస్వామిని చూశాడు, మళ్లీ చేనును చూశాడు. అతని మొహంలో నవ్వు ఎటుపోయిందో పోయింది.

"గుంటక యాడ పెట్టినారు?" అని అడిగాడు.

"కొట్టంలో, కుడిపక్కన" అంది రామేశ్వరమ్మ. "దాని కత్తి నేనే సానబట్టి పెట్టినా."