పొట్టు తీయని పిండి

కాశీబుగ్గలో పిండిమర నడిపే యోబుకి ఆదివారం వచ్చిందంటే బెంగ. గంటసేపు మరుగుదొడ్లో కూర్చున్నా కడుపు కదిలేది కాదు. ఈలోగా చర్చిలో మొదటి కీర్తన అయిపోయేది. భార్య కరుణమ్మ విసుక్కుంటూ ఒక్కతే వెళ్లిపోయేది.

ఆమె చెల్లెలి కూతురు ఇవాంజెలిన్ టెక్కలిలో నర్సు. సంగతి విని నవ్వలేదు.

"గోధుమపిండి జల్లించకండి పెదనాన్నా. పొట్టుతోనే తినండి. నీళ్లు బాగా తాగండి."

"ఆ పొట్టు మా నేస్తం సింహాచలం పట్టుకెళ్లి గేదెలికేత్తాడు. నాకూ ఏత్తావేటమ్మా?" అన్నాడు యోబు.

కరుణమ్మ మర్నాటి నుంచి జల్లెడ పక్కన పెట్టేసింది. రొట్టెలు గరుకుగా ఉన్నాయని గొణుగుతూనే తిన్నాడు. పదిరోజులు తిరిగేసరికి కడుపు తేలికపడింది. పొద్దున్నే ఐదు నిమిషాల్లో బయటికొచ్చి ఈల వేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. "కడుపునే కడిగీసింది, రగతంలో కొవ్వునొదుల్తాదేటి?" అని మరకొచ్చినవాళ్లందరికీ చెప్పసాగాడు. తనకి కొవ్వు ఎక్కువని ఏడాది కిందటే డాక్టరు చెప్పినా, ఈ ధైర్యంతో మాంసం కూరలో కొవ్వు ముక్కలు ఏరుకుని మరీ తిన్నాడు.

మూడు నెలలకి రక్తపరీక్షలో కొవ్వు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది.

"గోధుమ పొట్టు నీళ్లలో కరగదు పెదనాన్నా," అంది ఇవాంజెలిన్. "మలాన్ని కదిలించి ముందుకు తోస్తాది. కొవ్వు మీద దానికంత పట్టు లేదు. బార్లీలో, ఓట్సులో కరిగే పీచుంటాది, అదైతే కొంత తగ్గిస్తాది. ముందు ఆ కొవ్వు ముక్కలు మానండి, రోజూ నడవండి."

"అయితే ఊరందరికీ అబద్దం సెప్పీసేనన్నమాట," అన్నాడు యోబు దిగులుగా.

మర్నాడు మరకొచ్చిన ప్రతివాళ్లతోనూ తప్పు చెప్పానని ఒప్పుకున్నాడు. సింహాచలం మాత్రం బుర్ర గోక్కున్నాడు.

"నీ మాటిని కొవ్వు తగ్గే బిళ్లలు మానీసేను బావా."

యోబు అప్పటికప్పుడు మర ఆపి, అతన్ని బండి మీద ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఇద్దరినీ మందలించి, సింహాచలానికి మళ్లీ అవే బిళ్లలు రాశాడు.

"నా గేదెల దాణా తినీసేవు, పైగా నా బిళ్లలు మానిపించీసేవు," అని సింహాచలం దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుకి యోబు మనసు కుదుటపడింది.

ఇప్పుడిద్దరూ రోజూ సాయంత్రం పలాస స్టేషన్ దాకా నడిచొస్తున్నారు. వచ్చేసరికి కరుణమ్మ మజ్జిగ కలిపిన బార్లీ జావ సిద్ధంగా ఉంచుతుంది. సింహాచలం రెండో గ్లాసు అడిగి మరీ తాగుతాడు.