ఊక రాలే హాలు

ఉపన్యాసం ముగిసి జనం టీ బల్లల దగ్గరికి కదిలాకే ఆమె పని మొదలయ్యేది. ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని, చీపురు, చేట, రెండు గోనెసంచులతో వచ్చి వేదిక చుట్టూ ఊక ఎత్తేది. ఊకదంపుడు ఉపన్యాసమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ కాలేజీ హాల్లో ఎవరు ఉత్తుత్తి మాటలు మాట్లాడినా ఊక రాలేది. మామూలు వక్తకి చేటెడు, గౌరవ అతిథికి సంచెడు. వార్షికోత్సవానికైతే రెండు సంచులూ చాలేవి కావు. వక్తలు భుజాలు దులుపుకుని దిగిపోయేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా దాన్ని ఎత్తుతున్న ఆమెని పిల్లలు ఊకమ్మ అనేవాళ్ళు.

ఆమెకి ఆ ఊకంటే రోత. జుట్టులో దూరేది, జాకెట్టులో గుచ్చుకునేది, నోట్లో పెట్టుకున్న ముద్దలో తగిలేది. దాన్ని రాల్చిన మనుషులంటే ఇంకా రోత. ఆకలి గురించి గంటసేపు కళ్ళు చెమర్చి మాట్లాడినాయన దిగుతూనే బిస్కెట్లు మెత్తబడ్డాయని కసిరాడు. ఆడవాళ్ళ గౌరవం మీద ప్రసంగించినాయన బూటుకాలితో ఊకని ఆమె వైపు నెట్టి, "ఇక్కడ కూడా" అన్నాడు.

చరిత్ర సారు ఒక్కడూ వేరనుకుంది. ఆయన తనంతట తానే మెట్ల కిందున్న చీపుర్ల గదికి వచ్చి, ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, మీ అమ్మగారు బట్టలమిల్లులో పనిచేసేవారట కదా, చెప్పండమ్మా అన్నాడు. అక్కడ ఆమెని ఎవరైనా మీరు అనడం అదే మొదలు. రెండు నెలలపాటు చెప్పింది. మరమగ్గంలో వాళ్ళమ్మ రెండు వేళ్ళు పోవడం, మిల్లు మూసేస్తామన్నప్పుడు ఆడవాళ్ళంతా పదకొండు రోజులు గేటు ముందు కూర్చోవడం, వెళ్ళిపొమ్మన్న మేనేజరు ముందు అమ్మ ఆ చెయ్యే చాపి, "ఈ రెండూ తిరిగిచ్చెయ్యి, ఇప్పుడే పోతాం" అనడం. కన్నబిడ్డలకి కూడా చెప్పని సంగతులు. సారు అన్నీ రాసుకున్నాడు.

ఆ ఏడాది పెద్ద ఉపన్యాసం ఆయనదే. ఆయనకి పెద్ద పదవి ఇవ్వాలనుకుంటున్న విశ్వవిద్యాలయం వాళ్ళు ముగ్గురు ముందు వరసలో కూర్చున్నారు. ఆమె తలుపు దగ్గర నిలబడి, అమ్మ పేరైనా వస్తుందేమోనని చెవులు రిక్కించింది.

ఏ పేరూ రాలేదు. "నా పదేళ్ళ అన్వేషణలో నేను కనుక్కున్నది" అన్నాడు సారు. బొళబొళా ఊక రాలింది. తర్వాత ఆ పదకొండు రోజుల కథ ఎత్తుకున్నాడు. ఊక ఆగింది. గట్టి గింజలు టపటపా రాలడం మొదలైంది. వేదిక మీద కాదు, తలుపు దగ్గర, ఆమె పాదాల చుట్టూ. అందరి తలలూ అటు తిరిగాయి.

సారు తడబడి కథ తొందరగా ముగించబోయాడు. చివరికి ఆ ఆడవాళ్ళు భయపడి చెదిరిపోయారన్నాడు. ఊక ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది.

గింజలు తుడిచెయ్యమని ప్రిన్సిపాల్ వేలితో సైగ చేశాడు. ఇన్నేళ్ళూ ఆ వేలు కదిలితే చాలు, ఆమె నడుం వంగేది. ఇప్పుడు వంగలేదు. చీపురు గోడకి చేరేసింది.

"ఇది ఊక కాదు సార్. తుడవను," అంది. తర్వాత వేదిక వైపు తిరిగింది. "మా అమ్మ భయపడలేదు. జుట్టు పట్టి ఈడ్చినా గేటు ఊచ వదల్లేదు. మీకు రెండుసార్లు చెప్పాను. రాసుకున్నారు కూడా."

మాట మాటకీ గింజలు రాలాయి. సారు తన ఉద్దేశం వివరించబోతే ఊక నడుం దాటింది. ముందు వరసలోని ముగ్గురూ లేచి, ఆయన్ని దాటుకుని ఆమె దగ్గరికి నడిచారు.

సాయంత్రం సారు చీపుర్ల గదికి వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. క్షమించమంటాడనుకుంది. వచ్చే నెల ఇదే హాల్లో మళ్ళీ మాట్లాడతాననీ, ఆమె తన కుర్చీ వెనకాల ఊరికే నిలబడితే గింజలు వేదిక మీదే పడతాయనీ అన్నాడు. ఆమెకి కోపం కూడా రాలేదు. రోత పుట్టింది.

"లేవండి," అంది. "ఆ స్టూలు నాది."

మరుసటి నెల మాట్లాడింది ఆమే. ఆ ముగ్గురూ పట్టుబట్టడంతో ప్రిన్సిపాల్‌కి తప్పలేదు. మిల్లు ఆడవాళ్ళ మాటలు పోగుచేసే పని కూడా వాళ్ళు ఆమెకే ఇచ్చారు. ఆమెని పరిచయం చెయ్యడానికి ప్రిన్సిపాల్ లేచి, ఈమెని మేమెప్పుడూ మా కుటుంబంలో ఒకరిగానే చూశాం అన్నాడు. మైకు మీద ఊక పడింది.

"చాలు సార్, కూర్చోండి," అని, ఆమె అమ్మ వేళ్ళ దగ్గర మొదలుపెట్టింది.

గంటసేపు మాట్లాడింది. అయ్యాక ఎవరూ టీ బల్లల వైపు కదల్లేదు. విన్నవాళ్ళంతా నేల మీదికి వంగి, ఒక్కో గింజా ఏరుకుని, జేబుల్లో భద్రంగా వేసుకుని ఇళ్ళకి వెళ్ళారు.