ఈ వ్యక్తిని తక్కువగా చూపించు

మా అక్క హేమలత మిషను తొక్కుతూ ఉంది, అది కాకినాడలో తన టైలరింగు కొట్టే అనుకుంటాను గానీ, హ్యాంగర్లకు జాకెట్ల బదులు నా ఫోనులోని ఫోటోలు వేలాడుతున్నాయి, ఒక్కదానిలోనూ అక్క లేదు, కొట్టు కాస్తా మా మేడ మీది వసారా అవుతోంది, మళ్ళీ కొట్టవుతోంది, అక్క పోయి ఎనిమిది నెలలైందని నాకు తెలుసు, అయినా ఆశ్చర్యమేమీ కలగడం లేదు. తల వంచుకుని కుడుతోంది కాబట్టి ముఖం కనిపించదు.

"నన్ను తక్కువగా చూపించమని ఫోనుకి చెప్పేవంట కదే, వనజా" అంటుంది.

దొరికిపోయిన దొంగలా నిలబడి సంజాయిషీ చెప్పుకుంటాను. నేను కాఫీ తాగే వేళ కనిపెట్టి, ఆ ఫోటోల యాప్ రోజూ సరిగ్గా అప్పుడే 'మూడేళ్ళ క్రితం ఈ రోజు' అంటూ తనను తెచ్చి ముందు పెట్టేదనీ, ఏడ్చిన కళ్ళతో ఆఫీసుకు వెళ్ళలేక ఒకరోజు అందులో 'ఈ వ్యక్తిని తక్కువగా చూపించు' అన్న మాట నొక్కేశాననీ చెబుతాను. నా అలవాట్లన్నీ నేర్చుకున్న యాప్‌కి నా బాధ ఏం తెలుస్తుంది, చెప్పినదానికంటే ఎక్కువే చేసింది, మా అమ్మాయి సీమంతం, అన్నవరం ప్రయాణం, అక్క ఉన్నవన్నీ పక్కన పెట్టేసింది, ఆవిడ లేని వేడుక మా ఇంట్లో ఏముంది గనక. ఇప్పుడు పొద్దున్నే పూలకుండీలూ కరెంటు బిల్లులూ చూపిస్తోంది. తనకంటే కరెంటు బిల్లే అందంగా ఉంటుందిలే అని అక్క వెక్కిరిస్తుంది.

"నీ మొహం సరిగ్గా గుర్తు రావట్లేదక్కా. భయమేస్తోంది" అంటాను.

అక్క చేతిలోని జాకెట్టు తిరగేసి లోపలి కుట్లు చూపిస్తుంది. ఎవరెంత చిక్కిపోయి వచ్చినా తను గుడ్డ కత్తిరించేది కాదు, లోపలికి మడిచి ఇంకో కుట్టు వేసేది, మళ్ళీ ఒళ్ళు చేస్తారుగా అనేది.

"నువ్వూ కత్తిరించలేదు కదే, మడిచేవంతే. విప్పుకో."

తల ఎత్తుతుందని ఎదురుచూస్తూ ఉండగానే మెలకువ వచ్చేసింది. తెల్లవారింది. మంచం మీదే కూర్చుని, సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ మాట తీసేశాను.

కాఫీ కలుపుకుని కూర్చునేసరికి ఫోటో రానే వచ్చింది. నాదే ఒక పాత జాకెట్టు ఒళ్ళో వేసుకుని, బ్లేడుతో కుట్టు విప్పుతూ, ఇప్పుడు ఫోటో ఏమిటే అన్నట్టు సరాసరి నా కేసి చూస్తోంది అక్క. ఎడమ కనుబొమ మీద తనకు చిన్న మచ్చ ఉండేదన్న సంగతే మర్చిపోయాను. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను.